ఎముకల్లో నొప్పి, రక్తంలో కొడవలి

కొడవలి మనందరికీ తెలుసు. వరి కోస్తాం. జొన్న కోస్తాం. గడ్డి కోస్తాం. చేతిలో ఉన్న కొడవలి మనకు అన్నం పెడుతుంది. మరి అదే కొడవలి రక్తంలో ఉంటే?

రక్తంలో కొడవలి ఏంటి అనుకుంటున్నారా? అదొక జబ్బు. దాన్ని సికిల్ సెల్ జబ్బు అంటారు. సికిల్ అంటే కొడవలి. సెల్ అంటే కణం. ఈ జబ్బు ఉన్నవాళ్ళకి ఒళ్ళంతా నొప్పులు వస్తాయి. ముఖ్యంగా కీళ్ళు, తుంటి, నడుము, వెన్ను నొప్పి పెడతాయి. చిన్నపిల్లలుగా ఉన్నప్పుడు మొదలైన నొప్పి పెద్దయ్యాక కూడా వదలదు.

అమ్మలారా, అక్కలారా! ఈ నొప్పి పైకి కనపడదు. గాయం ఉండదు. రక్తం కారదు. అందుకే చాలామంది దీన్ని నమ్మరు. ఈ పాఠంలో ఆ నొప్పి ఎందుకు వస్తుందో, వస్తే ఏం చేయాలో తెలుసుకుందాం.

రక్తంలో ఏముంది?

మన రక్తం ఎర్రగా ఉంటుంది. ఎందుకంటే అందులో ఎర్ర కణాలు ఉంటాయి. అవి కంటికి కనపడనంత చిన్నవి. గుండ్రంగా, అప్పడం బిళ్ళల్లా, మెత్తగా ఉంటాయి. మెత్తగా ఉంటాయి కాబట్టి ఎంత సన్నని రక్తనాళంలో నుంచైనా వంగి, జారి వెళ్ళిపోతాయి. మనం పీల్చే గాలిలోని ప్రాణవాయువును ఒళ్ళంతా మోసుకుపోయేది ఇవే. ఆ ప్రాణవాయువును పట్టి ఉంచే పదార్థం పేరు హిమోగ్లోబిన్.

సికిల్ సెల్ జబ్బు ఉన్నవాళ్ళ హిమోగ్లోబిన్‌లో పుట్టుకతోనే చిన్న తేడా ఉంటుంది. ప్రాణవాయువు తగ్గినప్పుడు వాళ్ళ ఎర్ర కణాలు గట్టిపడతాయి. కొడవలిలా వంగిపోతాయి. గట్టిపడిన కణం సన్నని నాళంలో జారదు. ఒకదానికొకటి తగులుకొని అడ్డం పడతాయి.

ఇంకో సంగతి. మంచి ఎర్ర కణం సుమారు 120 రోజులు బతుకుతుంది. కొడవలి కణం 10 నుంచి 20 రోజుల్లోనే చచ్చిపోతుంది. అందుకే వీళ్ళకి రక్తం తక్కువగా ఉంటుంది. నీరసం, ఆయాసం వస్తాయి. కళ్ళు పచ్చగా కనపడతాయి.

నొప్పి ఎముకల్లోనే ఎందుకు?

పొలానికి కాలువ నీళ్ళు పెట్టేటప్పుడు చూసే ఉంటారు. బోదెలో చెత్త అడ్డం పడితే ఏమవుతుంది? ముందున్న మడులు ఎలాగో తడుస్తాయి. చివరి మడి ఎండిపోతుంది. దానికి వేరే దారిలో నీళ్ళు రావు.

మన ఒంట్లో కూడా అలాంటి చివరి మడులు ఉన్నాయి. తుంటి కీలు అలాంటిదే. తొడ ఎముక పై కొస గుండ్రని బంతిలా ఉంటుంది. అది తుంటిలోని గిన్నెలాంటి గుంటలో తిరుగుతుంది. నడిచినా, కూర్చున్నా, గొంతుక్కూర్చున్నా ఆ బంతి తిరగాల్సిందే. దానికి రక్తం తెచ్చే నాళాలు సన్నవి. కొడవలి కణాలు అక్కడ అడ్డం పడితే ఎముకకు రక్తం అందదు. రక్తం అందని ఎముక కొంచెం కొంచెంగా చచ్చిపోతుంది. ఆ పైన ఒంటి బరువంతా పడుతుంది. చివరికి బంతి నలిగి, కుంగిపోతుంది. అప్పుడు మనిషి కుంటుతూ నడుస్తుంది. భుజం కీలుకు కూడా ఇలాగే జరగొచ్చు.

వెన్నెముక సంగతి చూద్దాం. మన వెన్ను ఒకే ఎముక కాదు. ఒకదాని మీద ఒకటి పేర్చిన వెన్నుపూసలు. ఒక్కో పూస నడిమి భాగం కూడా చివరి మడి లాంటిదే. అక్కడికి రక్తం సరిగ్గా అందకపోతే పూస నడుమ లోపలికి కుంగుతుంది. ఎక్స్‌రే తీస్తే ఆ సందు చేప నోరు తెరిచినట్టు కనపడుతుంది.

ఎముకల లోపల మూలుగ ఉంటుంది. రక్తం తయారయ్యేది ఆ మూలుగలోనే. కణాలు తొందరగా చచ్చిపోతుంటే మూలుగ రాత్రింబవళ్ళు పనిచేయాలి. అది లోపల పెరిగిపోయి ఎముక గోడను పలచన చేస్తుంది. లోపల గీకిన కుండలాగా ఎముక బలం తగ్గుతుంది. నడుం నొప్పికి ఇది కూడా ఒక కారణం.

రెండు రకాల నొప్పి

ఈ జబ్బులో రెండు రకాల నొప్పి ఉంటుంది.

మొదటిది దాడి చేసే నొప్పి. ఉన్నట్టుండి వస్తుంది. కాళ్ళు, చేతులు, నడుము, ఛాతీ ఎక్కడైనా రావచ్చు. కొన్ని గంటలు ఉండొచ్చు. కొన్ని రోజులు కూడా ఉండొచ్చు. తర్వాత తగ్గుతుంది. చలి, చన్నీళ్ళు, ఒంట్లో నీళ్ళు తగ్గడం, జ్వరం, మితిమీరిన కష్టం, మనోవేదన, సారా తాగడం వల్ల ఈ దాడి రావచ్చు. కొంతమంది ఆడవాళ్ళకి నెలసరి రోజుల్లో వస్తుంది. ఒక్కోసారి ఏ కారణం లేకుండానే వస్తుంది.

రెండోది వదలని నొప్పి. ఎముక దెబ్బతిన్నాక వచ్చేది ఇది. రోజూ ఉంటుంది. నడిస్తే పెరుగుతుంది. తుంటి చెడితే నొప్పి గజ్జల్లో తెలుస్తుంది. ఒక్కోసారి తొడలోనో, మోకాలిలోనో తెలుస్తుంది. మనం మోకాలికి తైలం రాస్తూ కూర్చుంటాం. జబ్బేమో తుంటిలో ఉంటుంది! ఈ తేడా డాక్టరు చూస్తేనే తెలుస్తుంది. మొదట్లో ఎక్స్‌రేలో కూడా కనపడకపోవచ్చు. ఎం.ఆర్.ఐ. అనే పరీక్షలో ముందే తెలుస్తుంది.

"పని దొంగ" అనకండి

ఇలాంటి ఇల్లు ఏ ఊళ్ళో అయినా ఉండొచ్చు. ఇంట్లో పాతికేళ్ళ కోడలు. నిన్న బాగానే ఉంది. నాట్లకు వెళ్ళింది. రోజంతా బురద నీళ్ళలో నిలబడింది. మధ్యాహ్నం సరిగ్గా నీళ్ళు తాగలేదు. సాయంత్రం వానలో తడిసింది. తెల్లారేసరికి లేవలేకపోయింది. నడుము, కాళ్ళు విరగ్గొట్టినట్టు నొప్పి.

"నిన్న బాగానే ఉన్నావు కదా! ఇవాళ ఏం వచ్చింది?" అంటుంది అత్త.

"పని అంటే చాలు, నీకు నొప్పులు వస్తాయి" అంటాడు భర్త.

"ఎవరి కళ్ళు పడ్డాయో, గాలి సోకిందేమో" అంటారు ఇరుగుపొరుగు.

ఆమె మాత్రం ఏం చెప్పగలదు? వేలు పెట్టి చూపించడానికి పుండు లేదు. నాలుగు రోజులకు తగ్గుతుంది. మళ్ళీ పనికి పోతుంది. మళ్ళీ వస్తుంది. ఈసారి ఆమె నొప్పి దాచుకుంటుంది. తిట్లు తినడం కంటే ఓర్చుకోవడమే నయం అనుకుంటుంది.

అక్కలారా! అసలు ప్రమాదం ఇక్కడే ఉంది. దాచుకున్న నొప్పికి వైద్యం ఉండదు. చెడిన తుంటితోనే బిందెలు మోస్తుంది. కట్టెల మోపులు మోస్తుంది. బరువు పడేకొద్దీ ఎముక కుంగుతుంది. "నొప్పి" అని చెప్పిన మొదటి రోజే నమ్మి ఉంటే ఆ కాలును కాపాడుకునే అవకాశం ఉండేది. నమ్మడం కూడా వైద్యంలో ఒక భాగమే.

నొప్పి వస్తే ఇంట్లో ఏం చేయాలి?

1. నీళ్ళు బాగా తాగించాలి. మామూలు రోజుల్లో కూడా పెద్దవాళ్ళు రోజుకు 3 లీటర్ల దాకా తాగడం మంచిది. పొలానికి వెళ్తే నీళ్ళ సీసా వెంట ఉండాలి. మజ్జిగ, గంజి కూడా మంచివే.

2. ఒళ్ళు వెచ్చగా ఉంచాలి. దుప్పటి కప్పాలి. నొప్పి ఉన్నచోట వేడినీళ్ళలో ముంచి పిండిన గుడ్డతో కాపడం పెట్టాలి. మరీ వేడిగా పెట్టి చర్మం కాల్చొద్దు. ఐసు ముక్కలు మాత్రం అస్సలు పెట్టకూడదు.

3. విశ్రాంతి ఇవ్వాలి. మెల్లగా రుద్దవచ్చు.

4. డాక్టరు ముందే రాసిచ్చిన నొప్పి బిళ్ళ ఉంటే చెప్పిన లెక్క ప్రకారం వేయాలి.

5. జ్వరం ఉందేమో చూడాలి.

ఏం చేయకూడదు?

వాతలు పెట్టొద్దు. వాత పెడితే నొప్పి పోదు, కొత్త పుండు వస్తుంది. వీళ్ళకి పుండ్లు తొందరగా మానవు.

దుకాణంలో నొప్పి బిళ్ళలు కొని ఇష్టం వచ్చినట్టు మింగొద్దు. కొన్ని రకాల నొప్పి బిళ్ళలు ఎక్కువగా వాడితే మూత్రపిండాలు చెడిపోతాయి. ఈ జబ్బులో మూత్రపిండాలు ముందే బలహీనంగా ఉంటాయి.

రక్తం తక్కువ అనగానే ఐరన్ బిళ్ళలు సొంతంగా కొని వాడొద్దు. వీళ్ళకి రక్తం తగ్గేది కణాలు తొందరగా చావడం వల్ల. ఇనుము తక్కువై కాకపోవచ్చు. డాక్టరు పరీక్ష చేసి చెబితే వాడాలి. వీళ్ళకి మామూలుగా ఇచ్చేది ఫోలిక్ ఆసిడ్ బిళ్ళ. కొత్త రక్తం తయారవడానికి అది కావాలి.

వెంటనే ఆసుపత్రికి ఎప్పుడు?

ఈ కిందివాటిలో ఒక్కటి కనపడినా ఆలస్యం చేయకండి. 108కి ఫోన్ చేయండి.

– నొప్పితో పాటు జ్వరం ఉంటే. ఎముకలో చీము పట్టి ఉండొచ్చు.
– ఛాతీలో నొప్పి, దగ్గు, ఊపిరి ఆడకపోవడం ఉంటే.
– మూతి వంకరపోయినా, మాట తడబడినా, కాలు చెయ్యి పడిపోయినా.
– మనిషి ఒక్కసారిగా తెల్లగా పాలిపోతే.
– కడుపు ఎడమవైపు ఉబ్బితే.
– ఇంట్లో ఎంత చేసినా నొప్పి తగ్గకపోతే.

ఆసుపత్రికి వెళ్ళగానే "సికిల్ సెల్ ఉంది" అని ముందు చెప్పండి. కార్డు ఉంటే చూపించండి. గర్భిణి అయితే ఆ మాట కూడా చెప్పండి.

మందు ఉందా?

ఉంది. హైడ్రాక్సీయూరియా అనే మందు ఉంది. ఇది నొప్పి తగ్గించే బిళ్ళ కాదు. నొప్పి దాడులు తరచుగా రాకుండా చూసే మందు. అమెరికాలో పెద్దవాళ్ళ మీద జరిగిన పరిశోధన ఫలితాలు 1995లో వచ్చాయి. ఈ మందు వాడినవాళ్ళకి నొప్పి దాడులు దాదాపు సగానికి తగ్గాయి. రోజూ వాడాలి. అప్పుడప్పుడు రక్త పరీక్ష చేయించుకోవాలి. డాక్టరు చెప్పకుండా మొదలుపెట్టకూడదు, మానకూడదు. పిల్లలు కావాలనుకున్నప్పుడు, గర్భం వచ్చినప్పుడు, బిడ్డకు పాలిచ్చేటప్పుడు ముందుగా డాక్టరుకు చెప్పాలి.

అయితే ఒక మాట. ఇప్పటికే కుంగిన ఎముకను ఈ మందు తిరిగి నిలబెట్టలేదు. అందుకే ముందే మొదలుపెట్టాలి.

తుంటి నొప్పి మొదలైతే ఆ కాలి మీద బరువు తగ్గించాలి. బిందెలు, మోపులు మోయడం ఆపాలి. చేతికర్ర పట్టుకోవాలి. కర్ర ఏ చేత్తో పట్టుకోవాలో తెలుసా? కుడి తుంటి నొప్పి అయితే ఎడమ చేత్తో. ఎడమ తుంటి నొప్పి అయితే కుడి చేత్తో. అప్పుడే ఆ తుంటి మీద బరువు తగ్గుతుంది. కర్ర పట్టుకోవడానికి సిగ్గు పడక్కర్లేదు. కీళ్ళు బిగుసుకుపోకుండా చేసే వ్యాయామాలు ఆసుపత్రిలో నేర్పిస్తారు. బాగా చెడిపోతే ఆపరేషన్ చేసి కొత్త కీలు వేస్తారు.

ఈ జబ్బు ఎలా వస్తుంది?

ఇది అంటురోగం కాదు. పక్కన పడుకుంటే రాదు. ఒకే కంచంలో తింటే రాదు. శాపం కాదు, చేతబడి కాదు. తల్లిదండ్రుల నుంచి పుట్టుకతో వస్తుంది.

తల్లి నుంచి ఒక గింజ, తండ్రి నుంచి ఒక గింజ బిడ్డకు వస్తాయి అనుకోండి. రెండూ కొడవలి గింజలైతేనే జబ్బు వస్తుంది. ఒక్కటే కొడవలి గింజ ఉంటే జబ్బు రాదు. ఆ మనిషి మామూలుగానే బతుకుతుంది. కానీ తన పిల్లలకు ఆ గింజను ఇవ్వగలదు.

ఒక్కో గింజ ఉన్న ఇద్దరు పెళ్ళి చేసుకుంటే ఏమవుతుంది? ప్రతి కాన్పులోనూ నాలుగింట ఒక వంతు జబ్బు వచ్చే వీలుంది. రెండు వంతులు ఒక గింజ మాత్రమే ఉండే వీలుంది. ఒక వంతు ఏమీ లేకుండా పుట్టే వీలుంది. మొదటి బిడ్డకు వచ్చింది కదా, ఇక రెండో బిడ్డకు రాదులే అనుకోవద్దు. ప్రతి కాన్పుకూ లెక్క మళ్ళీ మొదటికి వస్తుంది.

చూశారా? జబ్బు బిడ్డ పుడితే తల్లిని ఒక్కదాన్నే తిడతారు. "నీ కడుపే అంత" అంటారు. అది అబద్ధం. రెండు గింజల్లో ఒకటి తండ్రిదే.

అందుకే పెళ్ళికి ముందే అబ్బాయికీ అమ్మాయికీ ఇద్దరికీ రక్త పరీక్ష చేయించాలి. జాతకం చూడటం కంటే ఈ కార్డు చూడటం మంచిది. మేనరికం పెళ్ళిళ్ళలో ఇద్దరికీ ఒకే గింజ ఉండే వీలు ఎక్కువ.

ఎక్కడ ఉంది? ఎప్పుడు తెలిసింది?

1910లో అమెరికాలోని షికాగోలో జేమ్స్ హెరిక్ అనే డాక్టరు ఈ కొడవలి కణాల గురించి మొదట రాశాడు. 1949లో లైనస్ పౌలింగ్ అనే శాస్త్రవేత్త, ఆయన తోటివాళ్ళు కలిసి లోపం హిమోగ్లోబిన్‌లో ఉందని చూపించారు. మన దేశంలో 1952లో నీలగిరి కొండల గిరిజనుల్లో దీన్ని కనుగొన్నారు.

మలేరియా ఎక్కువగా ఉండే అడవి ప్రాంతాల్లో ఈ గింజ ఎక్కువ. ఎందుకంటే ఒక్క గింజ ఉన్నవాళ్ళు మలేరియాకు కొంత తట్టుకుంటారు. వాళ్ళు బతికి బట్టకట్టారు. వాళ్ళతో పాటు ఆ గింజ కూడా తరతరాలుగా నిలిచింది. జబ్బు ఉన్నవాళ్ళకి మాత్రం ఆ రక్షణ లేదు. వాళ్ళకి మలేరియా చాలా ప్రమాదం. దోమతెర తప్పకుండా కట్టుకోవాలి.

మన వైపు ఆదిలాబాద్ గోండు గూడేల్లో, పాడేరు, అరకు ఏజెన్సీల్లో ఈ జబ్బు ఉంది. గిరిజనులకే వస్తుందని మాత్రం అనుకోవద్దు. ఎవరికైనా ఉండొచ్చు.

2023 జూలై 1న మధ్యప్రదేశ్‌లోని షాడోల్‌లో కేంద్ర ప్రభుత్వం సికిల్ సెల్ నిర్మూలన కార్యక్రమం మొదలుపెట్టింది. 40 ఏళ్ళ లోపు 7 కోట్ల మందికి పరీక్ష చేయాలనేది లక్ష్యం. 2047 నాటికి ఈ జబ్బు బాధ లేకుండా చేయాలని అనుకున్నారు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండూ ఇందులో ఉన్నాయి. మీ ఊరి ఆశా కార్యకర్తను గానీ, ఏ.ఎన్.ఎం.ను గానీ అడగండి. పరీక్ష ఎక్కడ చేస్తారో చెబుతారు.

2016లో వచ్చిన వికలాంగుల హక్కుల చట్టంలో సికిల్ సెల్ జబ్బు కూడా చేర్చారు. డాక్టర్లు పరీక్షించి, తగినంత వైకల్యం ఉందని తేలితే సర్టిఫికెట్ ఇస్తారు. మీ మండల ఆఫీసులో అడిగి తెలుసుకోండి. ఇది ఎవరో పెట్టే భిక్ష కాదు. మన హక్కు.

గుర్తుంచుకోండి

నొప్పి కనపడదు. కానీ ఉంది.
నీళ్ళు, వెచ్చదనం, విశ్రాంతి – ఇవి ఇంటి వైద్యం.
నొప్పితో జ్వరం వస్తే ఆసుపత్రికి.
తుంటి నొప్పికి బరువు తగ్గించాలి, చేతికర్ర పట్టాలి.
పెళ్ళికి ముందు ఇద్దరికీ రక్త పరీక్ష.
తప్పు తల్లిదీ కాదు, తండ్రిదీ కాదు.

మాట్లాడుకోండి

1. మీ వాడలో చిన్నప్పటి నుంచి కీళ్ళ నొప్పులు, పచ్చ కళ్ళు, నీరసం ఉన్నవాళ్ళు ఎవరైనా ఉన్నారా? వాళ్ళకి రక్త పరీక్ష చేయించారా?

2. నాట్ల రోజుల్లో, చలికాలంలో జబ్బు ఉన్న ఆడమనిషికి ఏ పని ఇస్తే మంచిది? ఏ పని తప్పించాలి?

3. ఇంట్లో ఒకరు "నాకు నొప్పిగా ఉంది" అంటే మనం మొదట అనే మాట ఏది? అనాల్సిన మాట ఏది?

ఈ పాఠం చదివాక పక్కింటి ఆవిడకు కూడా చదివి వినిపించండి. ఆమె ఇంట్లో నొప్పి దాచుకుంటున్నవాళ్ళు ఎవరైనా ఉండొచ్చు.